మావాడు నేల దిగిన సంగతి

మంచు పలచన. గాలి తూర్పు నుంచి.

ఈ రోజు మా వరస వలల్లో నీళ్ళు సగం తొట్టికి కూడా రాలేదు. రాకపోతే రాకపోనీ! మావాడికి చోటు దొరికింది. మళ్ళీ ఒకసారి రాసుకుంటాను, రాస్తే నాకే నమ్మకం కుదురుతుంది. మావాడికి చోటు దొరికింది.

ఈ పుస్తకం మంచు సంగతులు రాయమని ఇచ్చింది. గాలి ఏ పక్క నుంచి, వల ఎక్కడ చిరిగింది, తొట్టి ఎంత నిండింది, అంతవరకే రాయాలి. వలల ఆఫీసు గుమాస్తా ఇదివరకే ఒకసారి కోప్పడ్డాడు. "ముసలాయనా, మంచు గురించి రాయమంటే మీ ఆవిడ పెట్టిన చారు గురించి రాస్తావేంటి?" అని. ఏం చెయ్యను? నా చదువు ఐదో తరగతి. ఒక మాట మొదలుపెడితే ఇంకో మాట తడి దారంలాగా దానికి అతుక్కుని వచ్చేస్తుంది. ఈ రోజైతే ఆపడం నా వల్ల కాదు. గుమాస్తా గారు ఎంతైనా తిట్టుకోవచ్చు.

నా పేరు అందె భావనారాయణ. మా తాతల నాడు నేల మీద చీరలు నేసేవాళ్ళంట. నేల కాగిపోయి, జనం బెలూన్లకి ఊళ్ళు వేలాడదీసుకుని మబ్బుల్లోకి వచ్చేశాక, మా మగ్గాల మీద మంచు వలలు దిగుతున్నాయి. మబ్బు వచ్చి వలకి తగులుకుంటుంది, చుక్కలు దారాల వెంట జారి తొట్టిలో పడతాయి, ఊరు తాగుతుంది. చంకలో పిల్లాడిగా ఉండగా మా అమ్మ నన్ను పైకి తెచ్చింది. నేల ఎలా ఉంటుందో నాకు తెలీదు.

మా ఒక్కగానొక్క కొడుకు మార్కండేయులు. పై వలలు ఎక్కి చిరుగులు కుట్టడంలో వాడి తర్వాతే ఎవరైనా. మొట్టమొదట ఎక్కిన రోజున కాళ్ళు వణికితే, మేస్త్రి నాలుక కింద ఈక చుక్కలు వేశాడు. కొత్తవాళ్ళందరికీ వేసేవే. వేసుకుంటే ఒంట్లో బరువు తెలీదు, భయం ఉండదు. కొన్నాళ్ళకి మావాడికి భయం పోయింది, చుక్కలు మాత్రం పోలేదు. తర్వాత ఆకలి తెలీడం మానేసింది. ఆ తర్వాత వాళ్ళమ్మ పిలిస్తే వినపడడం మానేసింది.

ఈక పడ్డవాడికి తను కింద పడతాననే సంగతి గుర్తుండదు. నడుం తాడు విప్పేసుకుని, వల అంచు దాటి, వీధిలోకి నడిచినట్టు గాలిలోకి నడిచేస్తాడు. మా వరసలోనే ఇద్దరు అలా వెళ్ళిపోయారు. ఒకరోజు మావాడు వల చివర నిలబడి నడుం తాడు ముడిలోకి వేళ్ళు దూర్చాడు. నేను చూసి పరిగెత్తి వాటేసుకున్నాను. అప్పట్నుంచి వాడి వేళ్ళు కదిలితే చాలు, లేచి నిలబడుతున్నాను.

ఊరి ఆస్పత్రిలో చేర్చాం, మంచం మీద చెమటలు పట్టించి, ఒళ్ళు శుభ్రం చేసి పంపించారు. మళ్ళీ చేర్చాం. మళ్ళీ పంపించారు. వచ్చేది ఎక్కడికి? అదే వల, అదే మేస్త్రి, నిచ్చెన కింద అదే సీసా. చివరికి డాక్టరమ్మే నన్ను పక్కన కూర్చోబెట్టింది. "తాతగారూ, ఇక్కడ మేం మందు ఒంట్లోంచి దించగలం. మనిషి మళ్ళీ కుదురుకోవడానికి నెలలూ ఏళ్ళూ కావాలి. అంతకాలం ఉంచుకుని చూసే చోటు వెతకండి," అంది.

వెతికాను. ఎన్ని మబ్బూళ్ళున్నాయో అన్నిటికీ మాటల తీగ మీద మాట్లాడాను. ఒకచోట ఆవిడెవరో, మూడు పూటల్లో మామూలు మనిషిని చేసి పంపిస్తాం అంది. పక్కనే చెవి పెట్టి వింటున్న మా తిరపతమ్మ తీగ లాగేసింది. "ఆ గొంతు విన్నావా, పాకంలో ముంచి తీసినట్టుంది. వద్దు." ఇంకోచోట, మీ దగ్గర ఉన్నవాళ్ళు పగలంతా ఏం చేస్తారండీ అని అడిగాను. వలలు నేస్తారన్నారు. ఎవరివండీ? మావేనన్నారు. ఎన్నాళ్ళుంచుకుంటారు? నేసినన్నాళ్ళూ అన్నారు. నేతగాణ్ణి, నాకు అర్థం కాదా! మంచిదని అందరూ చెప్పిన ఒక్కచోట, ఖాళీ లేదు, మళ్ళీ అడగండి, మళ్ళీ అడగండి.

ఈ పొద్దున సామాన్ల లిఫ్టు నడిపే ఏసుపాదం మా గడపలో కూర్చుని టీ తాగుతూ, "బాబాయ్, పైనున్న ఊళ్ళన్నీ వెతికావు. కింద అడిగావా?" అన్నాడు.

"కింద ఏముందిరా, ఎండ తప్ప?"

"అది మీ నాన్న కాలం నాటి మాట. కొండల మధ్య ఇప్పుడు చల్లబడింది. మరి నువ్వు తినే కందిపప్పు ఎక్కణ్ణుంచి వస్తోందనుకుంటున్నావు?"

నేనెప్పుడూ ఆలోచించలేదు. సంచిలోంచి వస్తుందనుకున్నాను.

ఏసుపాదం టీ పొలమారేదాకా నవ్వాడు. ఆ తర్వాత చెప్పాడు. కింద మస్తానమ్మ గారని ఒకావిడ ఇల్లు నడుపుతోంది. ఈక చుక్కలు అలవాటైనవాళ్ళని ఉంచుకుంటుంది. చేరినవాడు కంది విత్తాలి. అది కోతకొచ్చేదాకా ఉండాలి. ఆ గింజలే మళ్ళీ విత్తి, ఆ రెండో పంట కూడా కోసి, అప్పుడు ఇంటికి. ఏసుపాదం బామ్మర్ది అక్కడే ఉన్నాడంట, రెండో పంట మీద. "మా బామ్మర్ది ఇప్పుడు నన్నే తిడుతున్నాడు బాబాయ్, లావయ్యానని!"

అక్కడికక్కడే తీగ కలిపించాను. మస్తానమ్మ గారు రెండు ముక్కల్లో తేల్చేసింది. "ఒక చోటు ఉంది. మనిషిని తీసుకురా పెద్దాయనా, చూసి మాట్లాడదాం."

తీగ పెట్టేశాక నేనూ తిరపతమ్మా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఈవిడ ఏడుస్తోంది, నేను నవ్వుతున్నాను. కాసేపటికి నేను ఏడుస్తున్నాను, ఈవిడ నవ్వుతోంది.

మంచు చిక్కన. గాలి లేదు.

మావాడికి చెప్పాను. గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"నేల మీదికా? అక్కడ ఏం చేస్తారు?"

"కంది వేస్తారంట."

"నాకు కంది వెయ్యడం రాదు నాన్నా."

"నాకు మాత్రం వచ్చా? పప్పు తినడం వచ్చు, అంతే."

వాడి వీపు కదిలింది. నవ్వాడో దగ్గాడో తెలీదు. "సరే వస్తా. నీ పోరు ఆగుతుందంటే వస్తా," అన్నాడు. నాకదే చాలు. మనసారా అన్నాడా అని తరచి చూసే ధైర్యం నాకు లేదు.

మంచు చిక్కన. బయల్దేరుతున్నాం.

మా ఊళ్ళో గడప దాటే ఎవరికైనా ఇంటి ఆడమనిషి నడుముకి తాడు కడుతుంది. ఒక్కో ఇంటిది ఒక్కో ముడి. కట్టిన చెయ్యే దాన్ని విప్పాలి. పక్కవాడి ముడి మీద ఇంకొకడు చెయ్యి వెయ్యకూడదు, కట్టించుకున్నవాడైతే అసలే వెయ్యకూడదు. పిల్లలకి మాటలు రాకముందే ఇది నేర్పుతాం. తాడు లేకుండా మనిషిని బయటికి పంపడమంటే చావమని పంపడమే.

తిరపతమ్మ వాడి నడుముకి మా ఇంటి ముడి వేసింది. రెండో కొసనున్న కొక్కెం నా నడుం పట్టీకి తగిలించింది. వేస్తూ వాణ్ణి తిట్టింది, నన్ను తిట్టింది, మేస్త్రిని తిట్టింది, తాడు పాతదైందని తాడునీ తిట్టింది. తను రావడానికి లేదు. మా వరస వలలు చూసేవాళ్ళు ఉండాలి.

మంచు లేదు.

మంచు లేదు అని రాయడం నా బతుకులో ఇదే మొదటిసారి. నేల మీద కూర్చుని రాస్తున్నాను! అక్షరాలు అటూ ఇటూ పోతున్నాయి.

లిఫ్టంటే పెద్ద బుట్ట. ఏసుపాదం మీట తిప్పగానే మెల్లగా దిగింది. చుట్టూ తెలుపు, ఇంకా తెలుపు. ఉన్నట్టుండి ఆ తెలుపు మా తలల మీదికి వెళ్ళిపోయింది. కింద... ఏమని రాయాలి? రంగులు! మట్టి ఎర్రగా, కొండలు నీలంగా, వాటి మధ్య ఆకుపచ్చ చారలు, ఎవరో మహా నేతగాడు పరిచిపెట్టిన బట్టలాగా. దాని కొస ఎక్కడుందా అని చూశాను. ఎంత చూసినా కనపడలేదు. నాకు తెలీకుండానే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేశాను. మావాడు బుట్ట అంచు పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాడు. ఎన్నాళ్ళైందో వాడి కళ్ళు ఒకదాని మీద అంతసేపు నిలిచి!

బుట్ట ఆనింది. దిగాం. ఊగడం లేదు. అడుగు వేస్తే కింద ఏదీ కదలదు. పుట్టి బుద్ధెరిగాక ఊగని చోట నేనెప్పుడూ నిలబడలేదు. ఉన్నచోటే కూర్చుండిపోయాను. ఏసుపాదం, "అందరూ ఇంతే బాబాయ్, కాసేపు కూర్చో," అన్నాడు.

అప్పుడు మావాడు ఒక్క గెంతు గెంతాడు. "నాన్నా, ఇదేంటి? నా కాళ్ళకి అంటుకుంది!"

నల్లగా, పొడుగ్గా, మనిషి ఆకారం. కాలెత్తితే కాలెత్తుతోంది. మా మబ్బుల్లో వెలుగు అన్ని పక్కల్నుంచీ ఒకేలా వస్తుంది, నీడ అంటే తలుపు వెనక ఉండే మసక, అంతే. మావాడు ఆ నల్లమనిషిని చూసి అటు నడిచాడు, ఇటు నడిచాడు, చెయ్యి ఊపాడు. అది కూడా ఊపింది. కూర్చున్నచోటే నేనూ ఊపాను. నాదీ ఊపింది. భగవంతుడా, నాకూ ఒకటుంది!

మస్తానమ్మ గారి ఇల్లు దగ్గరే, ఏసుపాదం బుట్ట కట్టేసి వెనకే వస్తానన్నాడు. పొడుగాటి పెంకుటిల్లు, ముందు రాతి గేటు స్తంభాలు, గేటుకి తలుపు మాత్రం లేదు. లోపల్నుంచి ఎవరో ఉల్లిపాయలు వేయిస్తున్న వాసన. ఆవిణ్ణి పిలవడానికి లోపలికి పోవాలి, పోతూ మావాణ్ణి ఒక్కణ్ణే వదిలేస్తానా? నా నడుం దగ్గరి కొక్కెం తీసి, ఆ కొస స్తంభానికి బిగించాను. మా ఊళ్ళో పక్కింటికి వెళ్ళినా అలాగే చేస్తాం. అదెంత తప్పైందో!

మస్తానమ్మ గారు బయటికొచ్చింది. నాకంటే చిన్నదే, నెత్తిన తువ్వాలు, చేతులకి పిండి. మావాణ్ణి చూసింది, తాడు చూసింది, స్తంభం చూసింది.

"కట్టేసి తెచ్చిన మనిషిని నేను తీసుకోను పెద్దాయనా."

"కట్టెయ్యలేదమ్మా! పడిపోకుండా..."

"ఎక్కడికి పడతాడు?"

కిందికి చూశాను. నిజమే, ఎక్కడికి పడతాడు? అయినా నా ఒళ్ళు ఒప్పుకోలేదు. ఆవిడే నెమ్మదిగా చెప్పింది. "ఇక్కడ తలుపులుండవు. డాక్టరు వస్తాడు, మొదట్లో ఒళ్ళు నొప్పులకి మందులిస్తాడు. పగలు చేలో పని, సాయంత్రం అందరం కూర్చుని మాట్లాడుకుంటాం, ఒకరికొకరు వండుకుంటారు. ఉండాలనుకున్నవాడు ఉంటాడు. నువ్వు కట్టి తెస్తే నువ్వున్నంతసేపే ఉంటాడు. ఆ తాడు విప్పు, వాడు తనంతట తను అడిగితే చోటు ఇస్తాను. లేదంటే వెనక ఇంకొకళ్ళు కాసుకుని ఉన్నారు."

"నేను విప్పకూడదమ్మా. ఇది వాళ్ళమ్మ ముడి."

"అయితే నేను విప్పనా?"

నేను అడ్డంగా నిలబడిపోయాను. "చంపేస్తావా నా కొడుకుని?" అని అరిచాను కూడా. ఆవిడ కోప్పడలేదు. పిండి చేతులు తువ్వాలుకి తుడుచుకుని, అప్పుడే వచ్చిన ఏసుపాదాన్ని చూపించి, ఇతని దగ్గర తీగ ఉందిగా, వాళ్ళమ్మనే అడుగు, అంది.

తీగ మీద తిరపతమ్మ అంతా వింది. తీగలో గాలి చప్పుడు. నేను హలో హలో అంటున్నాను.

"ఉన్నా, అరవకు. వాడికియ్యి."

మావాడు చెవికి పెట్టుకున్నాడు. ఆవిడ గొంతు పెద్దది, పక్కనున్న నాకూ వినపడుతూనే ఉంది. "మార్కండా, నాకు అంత పొడుగు చెయ్యి లేదు నాయనా. నువ్వే విప్పుకో."

మా వంశంలో ఏ తల్లీ అనని మాట అది!

వాడు తీగ నా చేతికిచ్చి, ముడి మీదికి చేతులు తెచ్చాడు. అవే వేళ్ళు. ముడిలోకి దూరుతున్నాయి. వల అంచున నేను చూసింది ఇదే. పరిగెత్తి వాటేసుకోబోయాను. ఏసుపాదం నా భుజం పట్టుకున్నాడు. ముడి ఒక మెలిక వదిలింది, ఇంకో మెలిక వదిలింది, తాడు జారి వాడి పాదాల దగ్గర పడింది.

వాడు పడలేదు. నిలబడే ఉన్నాడు. తాడు లేకుండా, నా కొడుకు, నిటారుగా, తన నీడ పక్కన నిలబడి ఉన్నాడు! నేను ఎంత గట్టిగా ఏడ్చానంటే లోపల ఉల్లిపాయలు వేయించేవాళ్ళు కూడా బయటికొచ్చి చూశారు.

మార్కండేయులు ఎవరివైపూ చూడలేదు. వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టాడు. గేటు దాటాడు, చేను గట్టు దాటాడు, ఎర్రమట్టిలో పడి పోతూనే ఉన్నాడు.

"అమ్మా, పోతున్నాడు!"

"పోనీ."

"ఎవర్నైనా పంపించమ్మా!"

"పంపితే అది తాడే కదా పెద్దాయనా," అంది. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి జొన్నరొట్టె పెట్టింది. ముక్క తుంచాను, నోట్లో పెట్టుకోలేకపోయాను. వాడు చిన్నగా అయిపోయాడు, కొండ మలుపులో కనపడకుండా పోయాడు. లిఫ్టు పైకెళ్ళే వేళ దాటిపోతోందని తెలిసినా ఏసుపాదం నా పక్కనే కూర్చున్నాడు. నీడలు సాగిపోయాయి. చోటు కోసం కాసుకున్న మనిషి తల్లి ఎవరో తీగ మీద రెండుసార్లు అడిగింది. మస్తానమ్మ గారు రెండుసార్లూ, "ఇంకా తేలలేదమ్మా," అంది.

ఎండ ఎర్రబడ్డాక మలుపులో ఒక చుక్క కనపడింది. చుక్క మనిషైంది. వస్తున్నాడు! చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాళ్ళదాకా మట్టితో, ఒళ్ళంతా వణుక్కుంటూ వస్తున్నాడు. మందు దిగుతున్నప్పటి వణుకు అది, నాకు తెలుసు. గేటు దగ్గరికొచ్చి నా మొహంలోకి చూశాడు.

"నాన్నా, ఎంత నడిచినా అంచు రావట్లేదు."

"రాదంటరా. ఇక్కడ ఉండదంట."

మస్తానమ్మ గారివైపు తిరిగాడు. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, మాట తెగితెగి వస్తోంది. "అమ్మా, నన్ను ఉంచుకుంటారా? నాకు కంది వెయ్యడం రాదు."

"కంది వెయ్యడం తెలిసినవాడు ఇంతవరకూ ఎవడూ ఇక్కడికి రాలేదులే. కాళ్ళు కడుక్కుని రా," అంది ఆవిడ.

మంచు పలచన. పై వల రెండు చోట్ల చిరిగింది.

ఇల్లు బోసిగా ఉంది. తిరపతమ్మ మూడు కంచాలు పెట్టి, ఒకటి తీసేస్తోంది. నేను చూడనట్టు కూర్చుంటున్నాను. ఇద్దరం మావాడు నడిచిన సంగతే చెప్పుకుంటున్నాం. నీడ గురించి చెప్తే నమ్మడం లేదు. "నల్లగా అంటుకుంటుందా? కడిగితే పోదా?" అని అడిగింది.

మంచు చిక్కన. ఉరుములు.

ఏసుపాదం మొహం వేలాడేసుకుని వచ్చాడు. మావాడు నిన్న లిఫ్టు దగ్గరికొచ్చి బుట్టలో కూర్చున్నాడంట. పైకి తీసుకుపో, ఒక్క చుక్క, ఒక్కటంటే ఒక్కటి అని ఏసుపాదం కాళ్ళు పట్టుకున్నాడంట. "నేను మీట తియ్యలేదు బాబాయ్. తిట్టాడు. మా అమ్మని కూడా తిట్టాడు. తిట్టి తిట్టి బుట్టలోనే నిద్రపోయాడు. లేచాక ఎవరితో ఏమీ మాట్లాడకుండా తనే నడిచి వెనక్కి పోయాడు."

నేను కుంగిపోయాను. తిరపతమ్మ మాత్రం ఒకే ముక్క పట్టుకుంది. "తనే పోయాడా? ఎవరూ లాక్కెళ్ళలేదా?"

"లేదు పిన్నీ."

"అయితే భోంచేసి పో," అని ఏసుపాదానికి విస్తరి వేసింది.

మంచు ఓ మోస్తరు. గాలి దక్షిణం నుంచి.

తీగ మీద మాట్లాడాడు. నేను బావున్నావా అన్నాను. బావున్నానన్నాడు. మీ అమ్మ చారు పెట్టిందన్నాను. అప్పుడు వాడే, "ఆకలేస్తోంది నాన్నా. ఎప్పుడూ ఆకలేస్తోంది," అన్నాడు. నేను ఆ మాట వీధి వీధంతా తిరిగి చెప్పాను. గుమాస్తా గారికీ చెప్పాను. ఆయన పుస్తకంలో ఏదో రాసుకుంటున్నవాడల్లా తలెత్తి, "మంచిది భావనారాయణా," అన్నాడు. కోప్పడలేదు.

మంచు లేదు. నేల మీద ఉన్నాం, ఇద్దరం.

మొదటి పంట కోసేశారంట. ఆ గింజలే మళ్ళీ వేశారంట. మొలకలొచ్చాయి, ఇప్పుడు చూడ్డానికి రావచ్చని కబురొచ్చింది. ఈసారి వలలు పక్కింటివాళ్ళకి అప్పగించి తిరపతమ్మ కూడా వచ్చింది. దిగుతున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు, మా తిరపతమ్మ! నేల చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఇంత పెద్దదా?" అంది. అంతే.

ఇంకా చాలా ఉందని మస్తానమ్మ గారు ముందే చెప్పింది. నిద్ర సరిగ్గా పట్టడం లేదంట, కొన్ని రోజులు ఎవరితోనూ మాట్లాడడంట. ఈ పంట కోసి ఇంటికొచ్చినా తీగ మీద వారం వారం మాట్లాడాలంట, పై వలల పని మళ్ళీ చెయ్యకూడదంట. అన్నిటికీ తలూపాను. నా కళ్ళు చేలోనే ఉన్నాయి. అక్కడ వంగి ఏదో చేస్తున్నాడొకడు, మెడ నల్లగా కాలింది, వీపు వెడల్పైంది. మావాడని మొదట పోల్చుకోలేదు. పోల్చుకున్నాక ఇంకేం ఆగుతాను! "మార్కండా!" అని కేకేసి, చేతులు చాపుకుని చేనుకి అడ్డంపడి పరిగెత్తాను. ఈ వయసులో అంత పరుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో!

"నాన్నా! ఆగు! కాలు, కాలు! కళ్ళు కనపడట్లేదా? మొలకలు తొక్కేస్తున్నావ్!"

ఆగిపోయాను. ఒక కాలు గాల్లో ఉంది. కిందికి చూస్తే ఎర్రమట్టిలో చిన్న చిన్న ఆకుపచ్చ రెక్కలు, వరసలు వరసలుగా. నేనొచ్చిన దారిలో కొన్ని ఒరిగిపోయి ఉన్నాయి. వాడు మండిపోతున్నాడు. "చూసి నడవక్కర్లేదా? ఒక్కొక్కటీ చేత్తో వేశాను!" ఏళ్ళుగా ఆ చుక్కల కోసం తప్ప దేని మీదా కోపం రాని మనిషి, దేనికీ పట్టనట్టు గోడవైపు తిరిగి పడుకున్న మనిషి, నన్ను తిడుతున్నాడు! అమ్మో, ఎంత బాగా తిడుతున్నాడో!

"ఇంకా తిట్టరా," అన్నాను, ఒంటికాలి మీద ఊగుతూ.

గట్టు మీద తిరపతమ్మ కడుపు పట్టుకుని నవ్వుతోంది. "కొంగలా ఉన్నావయ్యా! దింపు కాలు!"

"ఎక్కడ దింపను? అంతా పప్పే!"

మావాడు నవ్వు ఆపుకోలేక దగ్గరికొచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని, మట్టి చేతుల్తో నా మడమ పట్టుకున్నాడు. చేతులు వెచ్చగా, నిలకడగా ఉన్నాయి. నా పాదాన్ని నెమ్మదిగా పక్కకి తెచ్చి, రెండు వరసల మధ్య మట్టిలో ఆనించాడు.

"ఇక్కడ పెట్టు నాన్నా," అన్నాడు.